అమ్మ ఫోను, ఆఫీసు ఫోను ఒకటే అయినప్పుడు

ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. వయసు 41. ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో బ్రాంచి మేనేజరు. పేరు, ఊరు రాయవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ఆయన మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"పొద్దున తొమ్మిదిన్నరకు బ్రాంచికి వెళ్తే, క్యాష్ సరిచూసి తాళాలు వేసి బయటపడేసరికి రాత్రి ఏడున్నర దాటుతుంది. బంగారం లోన్ల రద్దీ ఉన్న రోజు ఇంకా ఆలస్యం. దాని గురించి నాకు బాధ లేదు, ఈ ఉద్యోగంలో అది మామూలే. ఇంటికొచ్చాక మొదలయ్యే ఉద్యోగంతోనే చస్తున్నాను. రీజనల్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులు నాలుగున్నాయి. డిపాజిట్లకు ఒకటి, రికవరీకి ఒకటి, ఇన్సూరెన్సుకు ఒకటి, అన్నిటికీ కలిపి ఒకటి. రాత్రి పదిన్నరకు 'ఈ రోజు టార్గెట్‌లో మీ బ్రాంచి ఇంకా సున్నాలోనే ఉంది, కారణం చెప్పండి' అని అందరి ముందూ మెసేజ్ వస్తుంది. వెంటనే నలుగురు మేనేజర్లు 'రేపు చేస్తాం సార్' అని పెడతారు. నేను పెట్టకపోతే నేనొక్కడినే పెట్టనట్టు కనిపిస్తుంది. నాలుగో శనివారం సెలవు రికవరీ క్యాంపుకు పోతుంది. మార్చి ఎండింగ్ అయితే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

నా భార్య గవర్నమెంటు స్కూల్లో టీచరు. ఆవిడ ఉద్యోగం సాయంత్రానికి అయిపోతుంది. 'మీకు ఇల్లంటే లాడ్జి' అంటుంది. పాప తొమ్మిదో తరగతి. మొన్న పక్కగదిలోంచి 'నాన్నా, అన్నానికి రా' అని వాట్సాప్ పెట్టింది. పిలిస్తే పలకనట, అక్కడైతే వెంటనే చూస్తానట.

అసలు సంగతి ఇంకోటుంది. కిందటేడాది ఈ గొడవ భరించలేక ఇంటికి రాగానే ఫోను సైలెంట్‌లో పెట్టడం మొదలుపెట్టాను. ఒక రాత్రి మా అమ్మకు షుగర్ పడిపోయింది. ఆవిడ మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది, ఇక్కడికి అరవై కిలోమీటర్లు. నాకు చాలాసార్లు ఫోను చేసింది. నేను చూసుకోలేదు. పక్కింటివాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు కాబట్టి బతికింది. ఆ రోజు నుంచి ఫోను సైలెంట్‌లో పెట్టలేను. దిండు పక్కనే ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే అమ్మ ఏమైనా చేసిందేమో అని చూస్తాను. గ్రూపు మెసేజ్‌లు కనిపిస్తాయి. ఇక నిద్ర పట్టదు. బీపీ మాత్రలు మొదలయ్యాయి. వచ్చే ప్రమోషన్లలో పై హోదా అయిన స్కేల్ 3కి అప్లై చెయ్యాలి. వస్తే ట్రాన్స్‌ఫర్. చెయ్యకపోతే జూనియర్లు దాటిపోతారు. అసలు ఉద్యోగమే మానేయాలనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?"

మీరు అమ్మగారి సంగతిని చివర్లో రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ రాత్రికి ముందు మీరు ఆఫీసు మెసేజ్‌లను ఆపగలిగారు. ఎలా ఆపాలో మీకు తెలుసు, ఆపారు కూడా. ఆ రాత్రి పుట్టిన భయంతో తలుపు బార్లా తీసి పెట్టారు. తీసింది అమ్మ కోసం, లోపలికి వస్తున్నది మాత్రం రీజనల్ ఆఫీసు. ఈ రెండిటినీ విడదీయనంత కాలం ఎవరు ఏ సలహా ఇచ్చినా మీరు పాటించలేరు. 'రాత్రిపూట ఫోను పక్కన పెట్టండి' అని మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. పెట్టలేకపోవడానికి కారణం మీ బలహీనత కాదు, ఆ ఫోన్లో మీ అమ్మ ఉంది.

ఇంకో మాట. రోజంతా పనిచేసి వచ్చి ఫోను సైలెంట్‌లో పెట్టుకున్న కొడుకు నేరం చెయ్యలేదు. ఉత్తరం నిండా మిమ్మల్ని మీరు శిక్షించుకుంటున్నారు. దిండు పక్కన మోగే ఆ ఫోను కూడా ఆ శిక్షలో భాగమేనని నాకు అనిపిస్తోంది.

ముందు అమ్మగారి ఆరోగ్యం చూద్దాం. రాత్రిపూట షుగర్ పడిపోవడానికి మీరు ఫోను ఎత్తడం మందు కాదు. పెద్దవాళ్లలో ఇది తరచుగా ఎలా జరుగుతుందంటే, మాత్ర గానీ ఇన్సులిన్ గానీ మామూలుగానే తీసుకుంటారు, రాత్రికి ఆకలి లేదని ఇంత మజ్జిగ తాగి పడుకుంటారు. అర్ధరాత్రి చెమటలు, వణుకు, అయోమయం. ఆవిడ మందుల చీటీ, ఆ రాత్రి ఆసుపత్రి కాగితాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి మీరే స్వయంగా తీసుకెళ్లండి. మోతాదు మార్చాలా, రాత్రి మందు వేళ మార్చాలా అని అడగండి. తిండి తగ్గిన రోజు మందు సంగతి ఏం చెయ్యాలో ఆవిడకు అర్థమయ్యేలా చెప్పించండి. మంచం పక్కన గ్లూకోజు గానీ పంచదార గానీ ఉండాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏమీ పొయ్యకూడదని, వెంటనే 108కి ఫోను చెయ్యాలని పక్కింటివాళ్లకు తెలియాలి. ఆవిడను మీ దగ్గరికి తెచ్చుకోవడం గురించి మీరు రాయలేదు. ఆవిడే రానంటోందేమో. అలాగైతే ఆ పక్కింటివాళ్లే ఆవిడకు మొదటి దిక్కు. వాళ్లతో మాట్లాడి, వాళ్ల నంబర్లు మీ దగ్గర, మీవి వాళ్ల దగ్గర ఉండేలా చూసుకోండి. అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మీరు ఎంత వేగంగా ఫోను ఎత్తినా, అక్కడికి ముందు చేరేది వాళ్లే.

దీనికోసం సెలవు పెట్టండి. ఈ వారమో, పై వారమో. దీన్ని వాయిదా వెయ్యకండి.

ఇప్పుడు ఫోను. రెండు దార్లున్నాయి. ఒకటి, మీ ఫోన్లోనే 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకోవడం. సైలెంట్‌లాగా అది అన్నిటినీ ఒకే గాటన కట్టదు. అమ్మ, పక్కింటివాళ్లు, భార్య, పాప లాంటి కొన్ని నంబర్లు మోగేలా, మిగతావి మోగకుండా పెట్టుకోవచ్చు. తెలియని నంబరు నుంచి అయినా వెంటవెంటనే రెండోసారి చేస్తే మోగే ఏర్పాటు కూడా అందులో ఉంటుంది. ఖర్చు లేదు. కానీ ఫోను మీ చేతిలోనే ఉంటుంది. మూడింటికి మెలకువ వస్తే మళ్లీ అదే చూస్తారు. రెండోది, ఒక మామూలు బటన్ల ఫోను, కొత్త సిమ్. ఆ నంబరు ఇంటివాళ్లకు, పక్కింటివాళ్లకు, బ్రాంచిలో మీతో పాటు తాళాలు ఉండే ఆఫీసరుకు మాత్రమే. అది మంచం దగ్గర ఉంటుంది. స్మార్ట్‌ఫోను హాల్లో చార్జింగ్‌లో ఉంటుంది. మీ విషయంలో నేను రెండోదానికే మొగ్గుతాను. ఆ ఫోను మోగలేదంటే అమ్మ దగ్గరి నుంచి కాల్ రానట్టే. చూడటానికి అందులో ఇంకేమీ ఉండదు కూడా. ఒక్క జాగ్రత్త: ఆ నంబరు మొహమాటానికి ఒక్క కస్టమరుకు ఇచ్చారో, నెల తిరిగేసరికి అది కూడా ఆఫీసు ఫోనే.

బ్యాంకు సంగతికి వద్దాం. మేనేజరు రాత్రిపూట కదలక తప్పని సందర్భాలు నిజంగా ఉన్నాయి. బ్రాంచి అలారం మోగడం, ఏటీఎం పగలగొట్టడం, షార్ట్ సర్క్యూట్, పోలీసుల నుంచి కబురు. ఇవేవీ గ్రూపు మెసేజ్ రూపంలో రావు. ఫోను కాల్‌గానే వస్తాయి. ఇంకొకటుంది, నెలాఖరు. లోను ఖాతాలో బకాయి 90 రోజులు దాటితే ఆ రోజు లెక్కలు ముగించే డే ఎండ్‌లోనే ఎన్‌పీఏగా, అంటే మొండి బాకీగా, పడుతుంది కాబట్టి, ఆ మూడు నాలుగు సాయంత్రాలు రికవరీ మెసేజ్‌లకు అర్థం ఉంది. వాటిని మినహాయించండి. కస్టమర్ల కాల్స్ కూడా ఉంటాయి. చిన్న ఊళ్లలో మేనేజరు నంబరు అందరి దగ్గరా ఉంటుంది. ఖాతాలోంచి డబ్బు పోయిందని అర్ధరాత్రి మీకు చేసే మనిషికి మీ వల్ల ఆలస్యమే తప్ప లాభం లేదు. ఆయన చెయ్యాల్సింది బ్యాంకు 24 గంటల టోల్‌ఫ్రీ నంబరుకు, సైబర్ నేరాల నంబరు 1930కి. ఆ రెండు నంబర్లు పెద్ద అక్షరాలతో బ్రాంచి గోడమీద, ఏటీఎం దగ్గర రాయించండి. పాస్‌బుక్కుల మీద స్టాంపు వేయించినా మంచిదే. మీకు కాల్స్ తగ్గుతాయి, వాళ్ల డబ్బు దక్కే అవకాశం పెరుగుతుంది.

ఇవి పక్కన పెడితే మిగిలేది 'సున్నా ఎందుకుంది?', 'రేపు చేస్తాం సార్'. కిందటి నెల మెసేజ్‌లు ఒక ఆదివారం కూర్చుని వెనక్కి తిప్పి చదవండి. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చిన వాటిలో, మర్నాడు పొద్దున జవాబిస్తే ఎవరికైనా నష్టం జరిగేవి ఎన్ని? చాలా తక్కువ తేలతాయని నా నమ్మకం. రాత్రి పదిన్నరకు ఏ ఊళ్లోనూ ఎవరూ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోరు. ఆ జవాబు పని కోసం కాదు, మేలుకుని ఉన్నామని చూపించడానికి. మీ రీజనల్ మేనేజరు కూడా పైవాళ్ల గ్రూపులో అదే మాట రాస్తూ ఉండొచ్చు. ఈ సంగతి తెలిసినంత మాత్రాన టెన్షన్ పోదు. ఏం చెయ్యాలన్నది మాత్రం తేలికవుతుంది.

ఎవరికీ చెప్పకుండా మీ అలవాటు మీరే మార్చుకోవచ్చు. బ్రాంచి వదిలేముందు ఆ రోజు లెక్కలు అడగకుండానే గ్రూపులో పెట్టేయండి. సున్నా అయితే సున్నా అని, కారణం ఒక్క వాక్యంలో, రేపు ఎవరిని కలవబోతున్నారో ఇంకో వాక్యంలో. ఆ తర్వాత పొద్దున ఎనిమిది దాకా గ్రూపు తెరవకండి. అడగబోయే ప్రశ్నకు జవాబు ముందే ఉంటుంది కాబట్టి చాలా రోజులు అడగరు. కొన్ని రోజులు అడుగుతారు. వీడియో కాన్ఫరెన్సులో మీ పేరు ఒకటి రెండుసార్లు గట్టిగానే వినిపించవచ్చు. మొదట్లో అది కష్టంగా ఉంటుంది, అది భరించగలరా అన్నది మీరే తేల్చుకోవాలి.

లేదా రీజనల్ మేనేజరును నేరుగా కలిసి మాట్లాడవచ్చు. గ్రూపులో కాదు, ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని. 'నాకు కుటుంబ జీవితం లేకుండా పోతోంది సార్' అని మొదలుపెడితే సానుభూతి చూపించి వదిలేస్తారు. 'ఏడున్నరకల్లా లెక్కలు నేనే పంపిస్తాను. ఏ రాత్రయినా అత్యవసరమైతే కాల్ చెయ్యండి, ఎత్తుతాను. మా అమ్మగారి ఆరోగ్యం వల్ల గ్రూపు మెసేజ్‌లు మాత్రం పొద్దున చూస్తాను' అని చెప్పండి. అడిగినట్టు కాదు, తెలియజేసినట్టు. మనిషి మంచివాడైతే అక్కడితో సరిపోతుంది. కాకపోతే మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు, ప్రమోషన్ ఏడాదిలో అది చిన్న విషయం కాదు. ఆయన ఎలాంటివారో మీకు తెలుసు, నాకు తెలియదు. అనుమానంగా ఉంటే అలవాటు మార్చుకోవడంతోనే మొదలుపెట్టండి. లెక్కలు సక్రమంగా వెళ్లడం కొన్ని నెలలు చూశాక ఇదే మాట చెప్తే బరువుంటుంది.

ఒక్కరే మాట్లాడటానికి జంకుగా ఉంటే ఆఫీసర్ల అసోసియేషన్ ఉంది. సెలవు శనివారాల్లో క్యాంపులు, అర్ధరాత్రి మెసేజ్‌లు మీ ఒక్కరి బాధ కాదు. నెమ్మదిగా నడిచే దారి ఇది, కానీ మీ పేరు బయటపడదు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు కావడం 2015 సెప్టెంబరులో మొదలైంది, అదీ సంఘాలు పట్టుబట్టడం వల్లే. చట్టం మీద మాత్రం ఇప్పుడే ఆశ పెట్టుకోకండి. ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళలు దాటాక ఆఫీసు మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కు ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. క్లర్కులకు ఉన్న ఓవర్‌టైం కూడా ఆఫీసర్లకు లేదు.

మీకు పనికొచ్చే నిబంధన ఒకటి వేరే చోట ఉంది. సున్నితమైన బాధ్యతల్లో ఉన్న బ్యాంకు ఉద్యోగులను ఏడాదికి ఒకసారి, ముందుగా చెప్పకుండా, వరసగా కనీసం 10 పనిదినాలు తప్పనిసరి సెలవులో పంపాలని, ఆ రోజుల్లో పనికి సంబంధించిన వ్యవస్థలేవీ వాళ్లకు అందుబాటులో ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2021 జులైలో చెప్పింది. ఒక్క ఇ-మెయిల్‌కే మినహాయింపు. ఉద్దేశం విశ్రాంతి కాదు, మోసాలుంటే బయటపడతాయని. మీ పోస్టు ఆ జాబితాలో ఉందో లేదో మీ బ్యాంకు పాలసీలో చూసుకోండి. లేకపోయినా ఒక సంగతి గమనించండి. ఒక మనిషి పది రోజులు పూర్తిగా దూరంగా ఉన్నా బ్యాంకు పని నడవాలనే లెక్కతోనే ఆ నిబంధన రాశారు. రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఎనిమిది దాకా మీరు లేకపోతే మీ బ్రాంచికీ ఏమీ కాదు.

ఇంటి విషయంలో ఒక మాట మీకు నచ్చకపోవచ్చు. 'ఆవిడ ఉద్యోగం సాయంత్రానికి అయిపోతుంది' అని రాశారు. నిజంగా అయిపోతుందా? మన టీచర్లకు కూడా ఇప్పుడు హాజరు యాప్‌లో, మధ్యాహ్న భోజనం ఫొటోలు యాప్‌లో, మార్కులు ఆన్‌లైన్‌లో. వాళ్లకూ గ్రూపులున్నాయి, వాళ్లకూ రాత్రి మెసేజ్‌లు వస్తాయి. అవి అయ్యాక వంట, పాప చదువు. మీ అమ్మగారు మందు వేసుకున్నారో లేదో ఫోను చేసి అడుగుతున్నది ఎవరు? ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ భార్యే అయితే, ఆవిడ కోపం మీరు ఇంట్లో ఉండనందుకు మాత్రమే కాదు. మీ అలసట ఒక్కటే ఇంట్లో లెక్కకు వస్తున్నందుకు. ఆవిడను కూర్చోబెట్టుకుని మీ బాధ చెప్పడానికి ముందు ఆవిడ రోజు ఎలా గడుస్తోందో అడగండి. మధ్యలో 'మాకు మాత్రం...' అని అందుకోకుండా వినండి. తర్వాత ఇంటి పనిలో ఏదో ఒకటి పూర్తిగా మీది చేసుకోండి. సాయం చెయ్యడం కాదు, ఇక ఆవిడ దాని గురించి ఆలోచించనక్కర్లేదన్నట్టు. అమ్మగారికి రోజూ ఫోను చేసి తిండి, మందు సంగతి కనుక్కోవడం అలాంటి పని. బ్రాంచి నుంచి ఇంటికి బయల్దేరే ముందు అక్కడే నిలబడి చేసెయ్యవచ్చు.

పాప విషయంలో పెద్ద ప్రమాణాలేమీ చెయ్యకండి. ఆదివారం మొత్తం నీకే అంటారు, క్యాంపు పడుతుంది, ఇంకో మాట తప్పుతుంది. నిలబెట్టుకోగల చిన్నది ఒకటి చాలు, అదేమిటో ఆ పిల్లనే అడగండి. మీతో కలిసి అన్నం తినడం కావాలంటుందో, ట్యూషన్ దగ్గర బండి మీద దింపమంటుందో. వచ్చే ఏడు పదో తరగతి, అప్పుడు ఆ పిల్లకే తీరిక ఉండదు.

ఉద్యోగం మానెయ్యడం గురించి: నెలల తరబడి నిద్ర లేని మనిషి ఆ నిర్ణయం తీసుకోకూడదు. స్టాఫ్ రేటు మీద హౌసింగ్ లోన్ ఉంటే మానేశాక ఆ రాయితీ పోతుంది. 41 ఏళ్లకు బయట దొరికే ఉద్యోగాల్లో చాలావాటికి ఇవే టార్గెట్లు, ఇవే గ్రూపులు ఉంటాయి. ఒక ఆరు నెలలు రాత్రులు నిద్రపోయి, అప్పుడు కూడా మానాలనిపిస్తే ఆ కోరికను గౌరవించండి, లెక్కలు వేసుకుని మానండి.

ప్రమోషన్ దగ్గర నేను ఇదీ అదీ అని చెప్పను. అప్లై చేస్తే, వస్తే, దూరం వెళ్లాల్సి రావచ్చు. అమ్మగారి దగ్గరికి అరవై కిలోమీటర్లు కాస్తా ఆరువందలు కావచ్చు. భార్యది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి రాష్ట్రం దాటితే ఆవిడ వెంట రాలేరు. పాప పదో తరగతి ఏడాది మీరు వేరే ఊళ్లో ఉంటారు. మరోవైపు, ఏదైనా ఆఫీసులో డెస్కు దొరికితే తాళాలు, అలారం కాల్స్ ఉండకపోవచ్చు. ఈ ఏడాది వదిలేస్తే జూనియర్లలో కొందరు మీకు పైఆఫీసర్లుగా వస్తారు, ఆ మీటింగుల్లో కూర్చోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వదిలెయ్యాలనుకుంటే అప్లై చెయ్యకముందే వదిలెయ్యండి. సెలెక్టయ్యాక వద్దంటే కొన్నేళ్లు మళ్లీ అవకాశం ఇవ్వని నిబంధన ఉండవచ్చు, పాలసీ చదవండి. ఈ నిర్ణయం మీ ఒక్కరిదే అన్నట్టు ఉత్తరంలో రాశారు. అందులో భార్య మాట, అమ్మ మాట, పాప మాట కూడా ఉండాలి. అమ్మగారిని అడిగితే 'నా కోసం ఆగకు' అనే అంటారు. ఆవిడ ఆరోగ్యానికి ఏర్పాటు సరిగ్గా కుదిరాక అడగండి, అప్పుడు ఆ మాటను మీరు నమ్మగలుగుతారు.

బీపీని తేలిగ్గా తీసుకోకండి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించాయి. మీవి బ్రాంచి గంటలు ఒక్కటే వేసుకున్నా ఆ గీత దగ్గరే ఉన్నారు. మూడింటి మెలకువ, గుండెదడ, ఆ రాత్రి మళ్లీ మళ్లీ గుర్తుకు రావడం కొన్ని వారాల్లో తగ్గకపోతే 14416కు ఫోను చెయ్యండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు. ఈసారి బీపీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఎన్ని నెలలుగా సరిగ్గా నిద్రపోవడం లేదో డాక్టరుకు చెప్పండి. మాత్ర పెంచే ముందు ఆయనకు ఆ సంగతి తెలియాలి.